ఎదురు కూర్చున్న పంతులమ్మ

దేముడమ్మకు అక్షరం ఎటు తిప్పినా ఒక్కటే. పుస్తకం నిటారుగా పెట్టండి, తలకిందులుగా పెట్టండి, గడగడా చదివేసేది. ఇదేదో గారడీ అనుకునేరు, ఆమె చదువు నేర్చుకున్న తీరే అంత. పనసపుట్టుగలో వాళ్ళ నాన్న సాయంత్రం పూట కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం తెరిచేవాడు. ఎనిమిదేళ్ళ దేముడమ్మ ఎదురుగా కూర్చుని కొబ్బరాకుల నుంచి ఈనెలు తీసేది. ఆడపిల్లకు చదువు చెప్పాలని ఆ తండ్రికి తోచలేదు, చెప్పకూడదనీ తోచలేదు. ఒకనాడు కొడుకు ఒక వాక్యం దగ్గర ఇసకలో బండిచక్రంలా దిగబడిపోయాడు. ఎదుటినుంచి ఈనెలు చీరుతూనే దేముడమ్మ ఆ వాక్యం చివరిదాకా చదివి పారేసింది. తండ్రి పుస్తకం వంకా కూతురి వంకా మార్చి మార్చి చూశాడు. పుస్తకం ఆమెకు తలకిందులుగా ఉంది.

ఆ తరవాత ఆమెకు పుస్తకం తిన్నగానే ఇచ్చారు, తిన్నగానూ చదివింది. కాని ఏది తిన్నన, ఏది తలకిందులు అన్న పట్టింపు ఆమె కంటికి ఎన్నడూ అంటలేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. టెక్కలిలో ఆమెను గట్టెక్కించిందీ ఆ కన్నే, సొంత ఊళ్ళో అందరి ముందూ నిలువునా ముంచిందీ ఆ కన్నే.

పెళ్ళయింది. భర్త రంగూను ఓడ ఎక్కాడు, అక్కడే కలరాతో పోయాడు. దేముడమ్మ ఇరవై నాలుగేళ్ళకు అన్న ఇంటికి తిరిగొచ్చింది. అది పంతొమ్మిదివందల ఇరవై రెండు. మనిషి సన్నం, మాట లావు. ఊరికే కూర్చోవడం ఆమె జాతకంలో లేదు. కొబ్బరితోటలో పనికి వెళ్ళేది, దారిలో కనిపించిన ప్రతి చంటిపిల్లనీ పలకరించేది.

ఆ ఊళ్ళో తాలూకా బోర్డువారి బడి ఒకటుండేది. కోటబొమ్మాళి నుంచి వచ్చిన కూర్మనాథం పంతులుగారు దానికి పెద్దా చిన్నా అన్నీ. పంతులుగారి హాజరుపట్టీలో పదకొండుమంది ఆడపిల్లల పేర్లున్నాయి. బడిలో చూస్తే ఇద్దరు. మిగతా తొమ్మిదిమందీ ఎక్కడున్నారని ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు ఊరంతా కనిపించేది. తల్లులు తోటల్లో ఉంటే, ఆ పిల్లల చంకల్లో తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉండేవారు.

వారిలో ఒకతె అప్పలమ్మ, తొమ్మిదేళ్ళది. రోజూ బడి కిటికీ దగ్గర తమ్ముడు సన్యాసిని చంకనేసుకుని నిలబడేది. లోపల పంతులుగారు లెక్క అడిగితే బయటినుంచి జవాబు చెప్పేది. ఒకరోజు లెక్క సగంలో ఉండగా సన్యాసి గుక్కపట్టి ఏడ్చాడు.

“అప్పలమ్మా, ఆ సంతని ఇంటికి పట్టుకుపో. మళ్ళీ కిటికీ దగ్గర కనిపించావంటే చూడు” అన్నారు పంతులుగారు, బెత్తంతో కిటికీ చువ్వ మీద కొట్టి.

అప్పుడే కొబ్బరిమట్టలు నెత్తిన పెట్టుకుని దేముడమ్మ అటుగా పోతోంది. మట్టలు కింద పడేసింది. ఒక ఆకు చించి చిటికెలో బూర చుట్టి, సన్యాసి నోట్లో పెట్టి ఊదించింది. బూర పీ అంది. సన్యాసి ఏడుపు ఎక్కడ ఆపాడో వాడికే తెలీదు.

“ఈ గుంటడ్ని నాకియ్యి. నువ్వు లోపలికెల్లి కూకో” అంది.

“మా మామ్మ తిడతాది అత్తా.”

“తిట్టనీ. నాను పడతాను. ఎల్లు, ఆ లెక్క పూర్తిసెయ్యి.”

అంతే, అలా మొదలైంది. మర్నాడు నాలుగు చంకలు ఖాళీ అయ్యాయి. వారం తిరక్కుండా తొమ్మిదీ ఖాళీ. మూడేళ్ళ నుంచి అయిదేళ్ళ దాకా పందొమ్మిదిమంది పిల్లలు బడి వెనక పాకలో చేరారు. లోపల పదకొండుమంది ఆడపిల్లలూ పలకలు పట్టుకుని కూర్చున్నారు. పట్టీలో ఉన్నవాళ్ళందరూ బడిలో ఉండడం పంతులుగారి ఉద్యోగంలో అదే మొదటిసారి, ఆయనకు అది ఎందుకో అంతగా నచ్చలేదు.

ఎనిమిదో రోజున రత్నాలమ్మ వచ్చింది. సన్యాసికి నాయనమ్మ. ఆవిడ ఊ అంటే ఊరు ఊ అంటుంది. ముందు ఇద్దరు మనవలు దక్కలేదు. మూడోవాడికి సన్యాసి అని పేరు పెట్టుకుని, చూపు తగిలితే కరిగిపోతాడేమోనన్నట్టు పెంచుకుంటోంది. పాక గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. మనవడు ఆవిడను చూసి కూడా లేచి రాలేదు. గవ్వల్ని పెద్దవీ చిన్నవీ వేరుచేసే పనిలో ఉన్నాడు.

“ఆడించు, పాడించు, బువ్వ తినిపించు, నానేటీ అనను” అంది రత్నాలమ్మ. “అచ్చరం దిద్దించినప్పుడు మాత్రం పిల్లల ఏలు ముట్టకు. పసుపూ కుంకం ఉన్న సెయ్యే పట్టుకోవాల ఆ ఏలు. ఏటంతావు?”

దేముడమ్మ ఏమంటుంది?  చంటివాళ్ళ ముక్కు తుడవడానికి పనికొచ్చిన చెయ్యి అక్షరానికి పనికిరాదా అని లోపల భగ్గుమంది, ఆ మంటకు కళ్ళు చెమర్చాయి కూడా. కాని కాదంటే సన్యాసి మళ్ళీ చంకెక్కుతాడు, అప్పలమ్మ మళ్ళీ కిటికీ దగ్గర నిలబడుతుంది. రత్నాలమ్మ మనవడు వెళ్ళిపోతే మిగతా పద్దెనిమిదిమందీ మర్నాడు ఉండరు.

“అలగే అత్తా. ముట్టను” అంది.

రత్నాలమ్మ అంతటితో ఊరుకోలేదు. మధ్యాహ్నం మనవడు ఇంటికి రాగానే గడప దగ్గర చెంబుతో పసుపునీళ్ళు పెట్టించి వాడి చేతులు కడిగించేది. ఆ నీళ్ళ చెంబు పట్టుకునే పని అప్పలమ్మది. ఆ మాట ఆ పిల్ల దేముడమ్మకు చెప్పలేదు. ఊళ్ళో అలాంటివి చెప్పకుండానే తెలుస్తాయి.

ఇక వేలు ముట్టకుండా అక్షరం నేర్పడం ఎలా? మన బళ్ళలో పంతులు పిల్ల వెనక కూర్చుని, చూపుడువేలు పట్టుకుని, గరుకు ఇసకలో రుద్ది రుద్ది దిద్దిస్తాడు. వేలు చివర చర్మం లేచిపోయినా అక్షరం మాత్రం వస్తుంది. దేముడమ్మకు ఆ రుద్దుడంటే మొదటినుంచీ మంట. అక్కుపల్లి తీరం నుంచి రెండు బుట్టల తెల్ల ఇసక తెప్పించింది. ఆ ఊరున్న ఉద్దానం నేల ఎర్రన కదా, పాక నేల మీద ఆ తెల్ల ఇసకను బారుగా, పలచగా పరిచింది. దాని మీద వేలుతో మెల్లగా గీసింది. తెల్లటి ఇసక చీలి కిందనున్న ఎర్రమట్టి కనిపించింది. ఎర్రెర్రని అక్షరం.

పందొమ్మిదిమందీ ఒక్కసారి కేరింత కొట్టారు. ఆ కేకకు లోపల పంతులుగారి చేతిలో బెత్తం జారిందని తరవాత పిల్లలు చెప్పుకున్నారు. నేలలోంచి అక్షరం పుట్టుకొస్తుంటే ఎవరు ఊరుకుంటారు చెప్పండి. ‘నానూ, నానూ’ అని వేళ్ళు చాపారు. దేముడమ్మకు ఒళ్ళు పులకరించింది. ఆమె చేసిందల్లా ఒక్కటే, ఇసక బారుకి ఒక పక్క తాను కూర్చుంది, ఎదురు పక్క పిల్లల్ని వరసగా కూర్చోబెట్టింది. పక్కన కూర్చుంటే చెయ్యి దానంతటదే పిల్ల వేలు మీదికి పోతుందని ఆమె భయం. మాట మాటే కాబట్టి ఎదురుగా చాపెడు దూరంలో కూర్చుని తను గీసేది, వాళ్ళు చూసి గీసేవారు.

పొద్దున్నే పాకకు వచ్చే దారిలో ఏ జాడలు చూశారని అడిగేది. కాకి జాడ, పీత జాడ, మేక జాడ. పిల్లలు వంగి వంగి నడుస్తూ వచ్చి పోట్లాడుకుంటూ చెప్పేవారు. లెక్కలకు మొదట జీడిపిక్కలు తెచ్చింది. అది తప్పని రెండోనాడే తెలిసింది, ఒక బుడతడు పచ్చి పిక్క కొరికి మూతి పొక్కించుకున్నాడు. కొబ్బరినూనె రాసి, వాడి తల్లి చేత నాలుగు తిట్లు తిని, ఆ రోజే చింతపిక్కలకు మారిపోయింది. తప్పు తెలిస్తే దిద్దుకోవడానికి దేముడమ్మ క్షణం ఆగేది కాదు. తెలియని తప్పే మనిషిని ముంచుతుంది.

“మొక్కై వంగనిది మానై వంగదు దేముడమ్మా. బెత్తం లేని బడి, తాడు లేని బొంగరం” అన్నారు ఒకరోజు పంతులుగారు.

“ఆళ్ళు వంగడానికి పుట్టనేదు పంతులుగోరూ. సూడ్డానికి పుట్టినారు. సూడనివ్వండి” అంది ఆమె.

ఏడాది దాటింది. పెద్దపిల్లలు కూడా పాటల వేళకు పాక వైపు చెవులు పెట్టడం మొదలెట్టారు. పంతులుగారికి గోరుచుట్టు మీద రోకటిపోటయింది. ఇంతలో ఒక వార్త వచ్చింది. బడిలో శిశుతరగతి ఉండాలా వద్దా, ఉంటే ఎవరు చెప్పాలి అన్నది తాలూకా బోర్డువారు తేలుస్తారట. అడగందే అమ్మైనా పెట్టదు కదా. దేముడమ్మ ఒక అర్జీ రాసింది. కింద పదకొండుమంది ఆడపిల్లలచేత సంతకాలు పెట్టించింది. వేలిముద్రలు కావు, సంతకాలు. తెల్లవారుజామున కొబ్బరికాయల బండెక్కి పలాస చేరింది, అక్కడ రైలెక్కి నౌపడాలో దిగి, చిన్నరైలు పట్టుకుని టెక్కలి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. రైలు ఆమెకు అదే మొదటిసారి. కిటికీలోంచి బయటికి చూస్తూ దారి పొడుగునా స్టేషన్ల పేర్లు పైకే చదివింది, పెట్టెలో జనం ఆమెనే చూశారు.

బోర్డు ఆఫీసులో ఒక గుమాస్తాగారు కాగితాల మధ్య కూర్చున్నారు. ఎదురుగా నిలబెట్టే అర్జీ అందుకుని, పైపైన చూసి పక్కన పడేశారు.

“శిశుతరగతి సంగతేనా. దాన్ని గురించి ఇప్పటికే ఒక కాగితం వచ్చిందమ్మా. నువ్వు ఇంటికి వెళ్ళు. తరవాత కబురొస్తుంది.”

ఆ కాగితం బల్ల మీద ఆయన వైపు తిరిగి ఉంది. దేముడమ్మ చూపు దాని మీద పడింది. కూర్మనాథం పంతులుగారి గుండ్రటి దస్తూరీ. ఆమె కంటికి అటైతేనేం, ఇటైతేనేం. నాలుగు వరసలు గుక్కతిప్పుకోకుండా చదివేసింది.

“బాబుగోరూ, అందులో మూడో వరస అబద్దం.”

గుమాస్తాగారు ఉలిక్కిపడి కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

“‘సదరు స్త్రీ పిల్లలకు ఒక్క అక్షరమూ నేర్పుట లేదు’ అని రాసినారు. పందొమ్మిదిమందీ రాత్తారు. మీరే వొచ్చి సూడండి, ఎవులైనా వొచ్చి సూడండి. రాయలేకపోతే ఆ పాకకి నానే నిప్పెడతాను. మరొక మాట బాబూ. ఆ చంటోళ్ళని పొమ్మంటే ఆళ్ళు ఒక్కళ్ళే పోరు. కిందనున్న ఈ పదకొండు సంతకాలూ కూడా ఆళ్ళని సంకనెత్తుకుని పోతాయి. మీ బడిలో ఆడపిల్లంటూ ఉండదు.”

గుమాస్తాగారు ఈసారి అర్జీ తీసి సంతకాలు ఒక్కొక్కటే చూశారు. తలకిందులుగా చదివిన మనిషిని ఆయన అంతకుముందు చూడలేదు. లోపలికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చి, మాఘమాసంలో ఇనస్పెక్టరుగారు స్వయంగా వస్తారని, ఆయన ఏం రాస్తే అదే ఖాయమని చెప్పారు. తిరుగు రైల్లో దేముడమ్మ కాళ్ళు నేల మీద నిలవలేదు.

మాఘం వచ్చింది. జీడిమామిడి పూత వాసన ఊరంతా పట్టింది. ఇనస్పెక్టరు రమణమూర్తిగారు పలాసలో రైలు దిగి బండిలో వచ్చారు. కళ్ళజోడు, నల్లకోటు, నెమ్మదైన మాట. ఊళ్ళో ఆడవాళ్ళందరూ పాక అరుగు మీద చేరారు. మధ్యలో రత్నాలమ్మ. కూర్మనాథం పంతులుగారు తలపాగా చుట్టుకుని పిల్లల వెనక నిలబడ్డారు. ఇనస్పెక్టరుగారికి కుర్చీ వేసింది ఇసక బారుకి ఇవతల, దేముడమ్మ రోజూ కూర్చునే చోటే. ఆమె ఆయన పక్కగా నిలబడింది.   వీళ్ళ వేళ్ళు కదిలితే చాలు, ఇక ఎవరూ ఏమీ అనలేరు.

“అ రాయండి” అన్నారు ఇనస్పెక్టరుగారు.

పందొమ్మిది వేళ్ళు ఇసకలో దిగాయి. పందొమ్మిది ఎర్రటి అక్షరాలు లేచాయి. ఆయన కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు. ర అన్నారు, వచ్చింది. ల అన్నారు, వచ్చింది. సన్యాసిని చూపించి, “బాబూ, నువ్వు అల అని రాయి” అన్నారు. నాలుగేళ్ళవాడు నాలిక బయటపెట్టి రెండక్షరాలూ గీసి, తలెత్తి, “సముద్రంలోది” అన్నాడు.

“భేష్. నేను తిరిగిన బళ్ళలో అయిదేళ్ళు నిండినవాళ్ళు కూడా ఇంత గుండ్రంగా రాయడం అరుదు” అన్నారు రమణమూర్తిగారు. “మీరు ఎక్కడ ట్రైనింగయ్యారమ్మా?”

“నేదండి. ఈళ్ళ దగ్గిరే అయినాను.”

ఆయన నవ్వారు. కోటు జేబులోంచి కలం తీశారు. అరుగు మీద ఆడవాళ్ళు ఒకరి మోచెయ్యి ఒకరు పొడుచుకున్నారు. అప్పలమ్మ బడి కిటికీలోంచి పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు.

“అయ్యా” అన్నారు కూర్మనాథం పంతులుగారు వెనకనుంచి. “తమరు ఒక్కసారి ఇటు వచ్చి చూడాలి.”

ఇనస్పెక్టరుగారు లేచి ఇసక బారు చుట్టూ తిరిగి పిల్లల వైపు వెళ్ళారు. చూశారు. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నడిచి చూశారు. ఆయన ముఖంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది.

అన్నీ తలకిందులు. ఒక్కటంటే ఒక్కటి కూడా తిన్నగా లేదు. పిల్లలు ఏడాదిపాటు ఎదురు పక్కనుంచి ఏం చూశారో అదే రాశారు. ఆమె వైపునుంచి అ, వాళ్ళ వైపునుంచి బోర్లాపడ్డ అ. ఇళ్ళల్లో చదువొచ్చిన తల్లులుంటే ఎప్పుడో బయటపడేది. అక్కలు తమ్ముళ్ళకోసం వచ్చేసరికి ఇసక చదునైపోయి ఉండేది. పంతులుగారు ఏడాదిలో ఒక్కనాడూ పాకలోకి తొంగిచూడలేదు. ఇక దేముడమ్మ అంటారా, ఆమెకు ఎటు తిప్పినా ఒక్కటే కదా.

దేముడమ్మ కూడా అటు వెళ్ళింది. పిల్లల వెనక నిలబడి చూసింది. ఆమె కంటికి అక్కడినుంచి కూడా అ అ లాగే, ల ల లాగే కనిపించింది. ఎక్కడ తప్పు? ఒక్కొక్క అక్షరాన్నీ మనసులో బలవంతాన తిప్పి చూసుకుంటే అప్పుడు తెలిసింది.  ఏడాది. పందొమ్మిదిమంది. తన చేత్తోనే.

“పలక మీద కూడా ఇలాగే రాస్తారు. ఇక వీళ్ళకు నేనెప్పటికి నేర్పను?” అన్నారు పంతులుగారు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంది గాని, కొంత నిజమైన దిగులు కూడా ఉంది. వచ్చే ఏడు ఆ పిల్లలు ఆయన చేతికే రావాలి.

దేముడమ్మ ఇనస్పెక్టరుగారి వైపు తిరిగింది.

“తప్పు నాదండి. పిల్లలది ఈసమెత్తు నేదు. నాను ఏటి సూపించినానో అదే సూసినారు, సూసింది సూసినట్టు రాసినారు. ఒక్క గీత పోగొట్టనేదు. నాను కూకున్న సోటే తప్పు. సోటు మార్చుకుంతాను, నెల్లాళ్ళు గడువియ్యండి.”

 రమణమూర్తిగారు మళ్ళీ ఇవతలికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఇక్కడినుంచి అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆయనకు ఏదో తట్టింది.

“అందరూ పిల్ల వెనక కూర్చుని వేలు పట్టి దిద్దిస్తారు. మీరెందుకమ్మా ఎదురుగా కూర్చున్నారు? అలా దిద్దిస్తే మొదటి రోజే ఈ తప్పు మీకు తెలిసేది.”

 దేముడమ్మ అరుగు వైపు చూడకుండా కళ్ళు ఇసక మీదే నిలబెట్టుకుంది. చెప్పడానికి ఎంతసేపు? ఒక్క మాట చాలు, తప్పు ఆమె నెత్తి మీదనుంచి దిగి రత్నాలమ్మ నెత్తికెక్కుతుంది. కాని మనవణ్ణి దక్కించుకోవాలన్న ముసలామె భయాన్ని నలుగురిలో పెట్టి ఎండగట్టడం ఆమెకు చేతకాలేదు. 

“మా మామ్మ వద్దందండి” అంది కిటికీలోంచి అప్పలమ్మ. “అత్త సెయ్యి మా తమ్ముడి ఏలు ముట్టకూడదని సెప్పింది. అత్తకి పసుపూ కుంకం నేవు కదండి.”

ఆ పిల్ల మాటలో కోపం లేదు. లెక్కకు జవాబు చెప్పినట్టు చెప్పింది. రమణమూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“సరే. నేను రాయాల్సింది రెండు ముక్కలేనమ్మా. ఈ తరగతి ఉండాలి, అందులో నాకు అనుమానం లేదు. పిల్లలకు ఇంత ఇష్టంగా అక్షరం రావడం నేను చూడలేదు. కాని పిల్ల చెయ్యి పట్టుకోవడానికి లేని పంతులమ్మని శిశుతరగతికి ఎలా రాయను? వేరొకరిని పంపమని రాయాలి. అంతవరకూ పాక మూసెయ్యాలి. ఈ ఊళ్ళో ఎవరైనా తమ పిల్ల వేలు ఈమె చేతిలో పెడతారా?”

 అందరూ రత్నాలమ్మనే చూశారు. రత్నాలమ్మ ఎవరినీ చూడలేదు. ఆవిడ సన్యాసిని చూస్తోంది. వాడు తను రాసిన అల పక్కన ఒక పడవ గీస్తున్నాడు. అరుగు పట్టుకుని లేచింది. మోకాళ్ళు పట్టేశాయి, ఎవరో చెయ్యి అందించబోతే విదిలించుకుంది. నడిచి వచ్చి మనవణ్ణి రెక్క పట్టుకుని లేపింది.

వాణ్ణి ఇంటికి తీసుకుపోతుందని అనుకున్నారందరూ. దేముడమ్మ కూడా అలాగే అనుకుంది. 

“కూకో” అంది రత్నాలమ్మ.

“ఏటత్తా?”

“సెవుడేటే నీకు? కూకోమన్నాను. ఇటు, ఈ పక్క.”

దేముడమ్మ పిల్లల వైపు, ఇసక ముందు కూర్చుంది. రత్నాలమ్మ సన్యాసిని ఆమె ఒళ్ళో దింపింది. వాడి చూపుడువేలు తీసి ఆమె చేతిలో పెట్టింది. పెట్టి వెంటనే వదల్లేదు. ముసలి చెయ్యి, పడుచు చెయ్యి, వాటి మధ్య బుల్లి వేలు, ఒక్క క్షణం మూడూ అలాగే ఉన్నాయి. ఇద్దరు మనవల్ని పోగొట్టుకున్న చెయ్యి అది. తరవాత వదిలేసింది.

“ఆడ్ని నీకు ఒగ్గేసినాను. దిద్దించు” అంది.

దేముడమ్మ జీవితంలో మొదటిసారి ఒక బిడ్డ వేలు పట్టుకుని అక్షరం దిద్దించింది. కళ్ళనిండా నీళ్ళు, ఇసక సరిగా ఆనలేదు. వాడి తల ఆమె గడ్డానికి తగులుతోంది. ఆ జుట్టు కొబ్బరినూనె వాసన వేస్తోంది. వేలు కదిపింది, ఎర్రటి అ లేచింది, ఈసారి వాడి వైపునుంచి తిన్నగా. సన్యాసి దాన్ని చూసి మొహం చిట్లించాడు. మెడ తిప్పి ఆమె ముఖంలోకి చూశాడు.

“అత్తా, నువ్వు తలకిందులుగా రాత్తన్నావు” అన్నాడు, జాలిగా.

ముందుగా నవ్వింది కూర్మనాథం పంతులుగారు. ఆ మాట ఆయనే తరవాత పదిమందికీ చెప్పుకున్నారు. ఆ తరవాత అరుగు, కిటికీ, ఇనస్పెక్టరుగారి కుర్చీ అన్నీ నవ్వాయి. రమణమూర్తిగారు ఆ నవ్వు ముఖంతోనే కలం తెరిచి రాశారు. శిశుతరగతి ఉండవలెను. దేముడమ్మ ఉపాధ్యాయినిగా ఉండవలెను. ఆయన ఒళ్ళో ఉన్న ఆ కాగితాన్ని దేముడమ్మ ఎదుటినుంచే చదివేసింది, ఆయన సంతకం పెట్టేలోపే.

పిల్లలు తిన్నగా తిరగడానికి నెల్లాళ్ళు కాదు, పదకొండు రోజులు పట్టింది. దేముడమ్మ ఆ పాకలోనూ, ఆ తరవాత కట్టిన పెంకుటింట్లోనూ ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పింది. ప్రతి కొత్తపిల్లనీ ముందు ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. బడి పెట్టేవాళ్ళు ఎవరు సలహా అడిగినా ఆమె చెప్పే మొదటి మాట ఒకటే, ‘ముందు పిల్ల కూకున్న సోట నువ్వు కూకో’. అప్పలమ్మ పెద్దదై ట్రైనింగుకు వెళ్ళి కంచిలి దగ్గర పంతులమ్మ అయింది. కిటికీ దగ్గర ఎవరైనా నిలబడితే పాఠం ఆపి లోపలికి పిలిచేదట.

ఇనస్పెక్టరుగారి బండి పలాస దారి పట్టిన ఆ మధ్యాహ్నం సన్యాసి ఎప్పటిలాగే అక్క వెంట ఇంటికి పరిగెత్తాడు. గడప దగ్గర అప్పలమ్మ అలవాటు కొద్దీ పసుపునీళ్ళ చెంబు అందుకుంది. వాడు చేతులు చాపాడు. వేలి చివర ఇంకా తెల్ల ఇసక అంటుకుని ఉంది.

రత్నాలమ్మ వాడి చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తన పమిట చెంగుతో ఆ ఇసక దులిపింది.

“ఆ నీళ్ళు పారబోసీవే” అంది. “పాదులో పొయ్యి. రేపట్నుంచి పసుపు కలపకు.”

తరవాత వాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, ఆ చేత్తోనే అన్నం తినమంది.